మాక్‌బెత్‌కి ఫ్లాష్‌బ్యాక్ పెట్టకండి

తెలుగు సినిమాలకీ వెబ్ సిరీస్‌లకీ కథలు రాసేవాళ్లకు, తీసేవాళ్లకు, స్టోరీ సిట్టింగుల్లో ఆఖరి మాట చెప్పేవాళ్లకు

నమస్కారం.

షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ని మన కాలంలో పెట్టి, మన మనుషులతో తియ్యాలన్న ఆలోచన ఉన్నవాళ్ల కోసం ఈ ఉత్తరం. హిందీలో ‘మక్బూల్’ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. 2021లో మలయాళంలో ‘జోజి’ వచ్చింది, అదే ఏడాది బెంగాలీలో ‘మందార్’ సిరీస్‌గా వచ్చింది. మనదాకా రాకుండా ఉండదు. వచ్చేలోపే ఒక మాట మీ చెవిన వెయ్యాలనిపించింది. నేను మీ రంగంవాణ్ణి కాను. డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైరైన మాస్టార్ని. ఆ నాటకం క్లాసులో చెప్పీ చెప్పీ, దాని మీద వచ్చిన సినిమాలు దొరికినవల్లా చూసీ చూసీ ఒక అభిప్రాయానికి వచ్చాను.

విన్నపం చిన్నదే. మాక్‌బెత్‌కి ఫ్లాష్‌బ్యాక్ పెట్టకండి. రాజు అతనికి ఏదో అన్యాయం చేశాడని చూపించకండి. చంపడానికి అతని చేతికి ఒక న్యాయమైన కారణం అందించకండి.

ఊరికే ఊహించుకుని భయపడుతున్నానని అనుకోవద్దు. ఎవరిదో చెప్పను గానీ, ఒక కథాచర్చకి ‘నాటకం తెలిసినాయన’ అని నన్నూ పిలిచారు. కుర్రాళ్లు చురుకైనవాళ్లు. కథ కూడా బాగానే మొదలుపెట్టారు: ఒక గ్రానైట్ క్వారీ యజమాని, ఆయన కొడుకులా చూసుకునే మేనేజరు. నేరేషన్ సగంలో ఒకాయన ఆపాడు. “అంత మంచి ఓనర్ని వీడెందుకు చంపుతాడు సార్? ఆడియన్స్ కనెక్ట్ అవ్వరు కదా” అన్నాడు. కాసేపు అందరూ తలలు గోక్కున్నారు. తర్వాత ఒకరు వెలిగించారు: ఆ యజమాని ఇరవై ఏళ్ల క్రితం వీడి తండ్రిని క్వారీలోనే చంపించి ఉంటాడు, ఇంటర్వెల్ ముందు వీడికి తెలుస్తుంది. గదిలో అందరి మొహాలూ విప్పారాయి. టీ వచ్చింది. నేను టీ తాగి వచ్చేశాను.

ఆ ఒక్క మార్పుతో మాక్‌బెత్ అక్కడే చచ్చిపోయాడు. మిగిలింది తండ్రి చావుకి కొడుకు పగ తీర్చుకునే కథ. అది మనకి కొత్తా? మనవాళ్లు దాన్ని ప్రపంచంలో ఎవరికీ తీసిపోకుండా తీస్తారు. దానికి షేక్‌స్పియర్ పేరెందుకు?

కథ గుర్తులేనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్కాట్లాండ్‌లో మాక్‌బెత్ అనే సేనాని యుద్ధం గెలిచి వస్తుంటాడు. నువ్వు రాజువవుతావని ముగ్గురు మంత్రగత్తెలు చెప్తారు. భార్య లేడీ మాక్‌బెత్ ఆ ఆశకి నెయ్యి పోస్తుంది. తమ ఇంటికి అతిథిగా వచ్చిన రాజు డంకన్‌ని నిద్రలో చంపి గద్దె ఎక్కుతాడు. అనుమానపడుతున్న స్నేహితుడు బాంకోని చంపిస్తాడు. మాక్‌డఫ్ అనే ఇంకో ప్రభువు పారిపోతే అతని భార్యాబిడ్డల్ని చంపిస్తాడు. లేడీ మాక్‌బెత్ పిచ్చెక్కి చచ్చిపోతుంది, ఇతను మాక్‌డఫ్ కత్తికి బలవుతాడు.

ఇందులో మొదటి అంకం ఏడో రంగం ఒక్కటి మీరు మళ్లీ చదవాలి. లోపల రాజుకి విందు జరుగుతోంది. మాక్‌బెత్ ఒక్కడే లేచి బయటికొస్తాడు. తనలో తను లెక్కలు వేసుకుంటాడు. ఆయన నా చుట్టం, నా రాజు, ఈ రాత్రి నా ఇంటి అతిథి. హంతకుడొస్తే తలుపు వెయ్యాల్సినవాణ్ణి, కత్తి నేనే పట్టడమేమిటి? ఆయన మెత్తగా పాలించాడు, ఒక్క మచ్చ లేదు, మొన్ననే నన్ను గౌరవించాడు కూడా. ఇలా చంపకూడని కారణాలన్నీ వరసగా చెప్పుకున్నాక, చంపాల్సిన కారణం దగ్గరికొచ్చేసరికి అతనికేమీ దొరకదు. నన్ను ముందుకి తోలేది ఏదీ లేదు, ఈ పైపైకి ఎగిరే ఆశ తప్ప అని తనే ఒప్పుకుంటాడు. కోర్టులో నిందితుడు తన నోటితో తనే మోటివ్ లేదని చెప్పేశాడన్నమాట.

షేక్‌స్పియర్‌కి కారణం దొరక్క వదిలేశాడనుకోకండి. అతను కథ తీసుకున్నది హోలిన్‌షెడ్ అనే ఆయన పేరుతో వచ్చిన చరిత్ర పుస్తకం నుంచి, 1587 నాటి కూర్పు నుంచి. అందులో డంకన్ చేతకాని మెతక రాజు. ఆనాటి పద్ధతి ప్రకారం మాక్‌బెత్‌కి గద్దె మీద ఎంతో కొంత హక్కుంది. డంకన్ తన కొడుక్కి యువరాజ పట్టం కట్టి ఆ దారి మూసేస్తాడు. హత్యకి బాంకో వత్తాసు కూడా ఉంది. పైగా గద్దెనెక్కిన మాక్‌బెత్ పదేళ్లపాటు మంచి చట్టాలు చేసి చక్కగా ఏలుతాడు. అసలు చరిత్రలోని మాక్‌బెత్ 1040 నుంచి 1057 దాకా రాజుగా ఉన్నాడు, డంకన్ పోయింది కూడా యుద్ధంలో. అంటే ఆ సిట్టింగులో కుర్రాళ్లు వెతుక్కున్న కారణాలన్నీ షేక్‌స్పియర్ బల్ల మీద ముందే ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. డంకన్‌ని వయసు మళ్లిన పెద్దమనిషిని చేశాడు. యువరాజ పట్టం సీను ఉంచాడు గానీ దాని వెనకున్న హక్కు గొడవ ఎత్తేశాడు. మంచిపాలన జరిగిన పదేళ్లూ కొట్టేశాడు. బాంకోని కడిగెయ్యడంలో కొంత లౌక్యం ఉందనుకోండి. 1603లో ఇంగ్లండ్ గద్దె ఎక్కిన జేమ్స్ రాజు ఆ బాంకో వంశంవాణ్ణని చెప్పుకునేవాడు. కానీ డంకన్‌ని అంత మంచివాణ్ణి చెయ్యడం మాత్రం నాటకం తెలిసినవాడి పని.

కారణం లేకపోతే వాడు సైకో అయిపోడా అని మీరు అడుగుతారు. అయిపోడు. సైకోకి తప్పూ ఒప్పూ తెలియవు. మాక్‌బెత్‌కి తెలిసినంత స్పష్టంగా ఆ నాటకంలో మరెవరికీ తెలియవు. తెలిసీ చేస్తాడు. ఆడియన్స్ కనెక్ట్ అయ్యేది సరిగ్గా అక్కడ. ఆఫీసులో మన మీదున్న మనిషి నిజంగా మంచివాడు, మనల్ని పైకి తెచ్చినవాడు, అయినా ఆయన కొంచెం తొందరగా తప్పుకుంటే బాగుండునని ఒక్కసారైనా అనుకోని ఉద్యోగి ఉంటాడా? ఆ ఆలోచనకి ఫ్లాష్‌బ్యాక్ అక్కర్లేదు. థియేటర్లో కూర్చున్న ప్రతివాడి దగ్గరా అది సొంతంగా ఉంటుంది.

ఇక మీరు ఎదురు వెయ్యబోయే ప్రశ్న నాకు తెలుసు. ‘మక్బూల్’లో కారణం లేదా? ‘జోజి’లో లేదా? ఉన్నాయి. అవి గొప్ప సినిమాలు కాబట్టి ఇక్కడ కొంచెం నిదానించి మాట్లాడుకోవాలి.

విశాల్ భరద్వాజ్ ‘మక్బూల్’ ముంబై చీకటి ప్రపంచంలో నడుస్తుంది. ఇర్ఫాన్ ఖాన్ మక్బూల్, పంకజ్ కపూర్ డాన్ అబ్బాజీ, మన హైదరాబాదు అమ్మాయి టబు నిమ్మీ. నాటకంలో సేనాని భార్యగా ఉన్న మనిషిని సినిమాలో డాన్ ఉంచుకున్న ఆడదాన్ని చేశారు. ఆమె మీద మక్బూల్‌కి ప్రేమ. ముసలివాడి పక్కన ఆమెని రోజూ చూడాలి. ఇంకో పక్క అబ్బాజీ కూతురు, ముఠాలోనే ఉన్న కాకా అనే అతని కొడుకుని ప్రేమించింది, ఆ పెళ్లయితే పెత్తనం అటు పోతుందన్న భయం. చూశారా, రెండు కారణాలు. కానీ వాటికి సమానంగా ఇంకోటి పెట్టాడు దర్శకుడు: అబ్బాజీ ఇతన్ని కొడుకులా పెంచాడు. పంకజ్ కపూర్ ఆ పాత్రని ఎంత బరువుగా చేశాడంటే (ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ అవార్డు దానికే వచ్చింది), ఆయన భయంకరుడని తెలిసీ మనకి ఆయన మీద ఇష్టం పుడుతుంది. చంపాక మక్బూల్‌కి ప్రేమా దక్కదు, మనకి ఊరటా దక్కదు. ఇచ్చిన కారణాన్ని సినిమాయే మెల్లగా వెనక్కి లాక్కుంటుంది.

‘జోజి’ది ఇంకో దారి. దిలీష్ పోతన్ దర్శకత్వం, శ్యాం పుష్కరన్ రచన, ఫహద్ ఫాజిల్ హీరో. కేరళ ఎరుమేలి ప్రాంతంలో తోటల మధ్య ఒక పెద్ద ఇల్లు. తండ్రి కుట్టప్పన్ నిజంగానే దుర్మార్గుడు. ఎదిగిన కొడుకుల మెడ పట్టుకుని ఆడిస్తాడు, చేతికి పైసా రానివ్వడు. ఇంజినీరింగ్ మధ్యలో వదిలేసిన చిన్నకొడుకు జోజి, పోతే పోయాడు ముసలాడు అనుకుంటే మనమూ తలూపుతాం. తండ్రికి పక్షవాతం వస్తుంది, కోలుకుంటున్నాడని తెలిసేసరికి జోజి మందుబిళ్లలు మార్చేస్తాడు. ఇక్కడిదాకా మనం వాడితో ఉంటాం. ఆ తర్వాత పెద్దన్న జోమన్‌కి అనుమానం వస్తుంది. జోమన్ తాగుతాడు, అరుస్తాడు, కానీ తండ్రిని ప్రేమించినవాడు, తమ్ముడికి ఏ అపకారమూ చెయ్యనివాడు. అతన్నీ చంపుతాడు. అప్పుడు అర్థమవుతుంది, మొదటి హత్యకి మనం ఒప్పుకున్న కారణం అసలు కారణమే కాదని. తండ్రి దేవుడైనా జోజి ఆ పనే చేసేవాడేమో. చివర్లో ఆస్పత్రి మంచం మీద మాట పడిపోయి పడుంటే, నేరం ఒప్పుకుంటే కళ్లార్పమంటారు. ఆ మాత్రం కూడా చెయ్యడు.

కాబట్టి నా తూనికరాయి ఇది: రెండో హత్య. నాటకంలో బాంకో హత్య. మీరు మొదటి హత్యకి ఎంత కారణమైనా ఇచ్చుకోండి, రెండో హత్య దగ్గరికొచ్చేసరికి ఆ కారణం కూలిపోతోందా లేదా చూసుకోండి. కూలిపోతే మీరు మాక్‌బెత్ తీస్తున్నారు. రెండోవాడు కూడా పాత పగలో భాగస్వామే, మూడోవాడు కూడా ఆనాడు అక్కడున్నవాడే అని రాసుకుంటూ పోతే మీ హీరో చేస్తున్నది శిక్షలు వెయ్యడం. ప్రేక్షకుడు ప్రతి చావుకీ ఈల వేస్తాడు. మాక్‌బెత్ చూస్తూ ఈల వేసే చోటు మొదటి పది నిమిషాల్లో ఉండొచ్చు, యుద్ధం గెలిచి వస్తున్నప్పుడు. ఆ తర్వాత ఉండకూడదు.

అకిరా కురొసావా 1957లో ఇదే కథని జపాన్ సమురాయ్‌ల కాలంలో పెట్టి తీశాడు. ఆధునికం చెయ్యలేదు గనక ఇక్కడ దాని గురించి ఎక్కువ మాట్లాడను. ఒక్క సంగతి మాత్రం చెప్తాను. అందులో భార్య అసాజి, ఇప్పుడున్న ప్రభువు కూడా తన ప్రభువుని చంపే ఆ పీఠమెక్కాడని భర్తకి గుర్తుచేస్తుంది. కారణమే అది కూడా. కానీ భర్త మీద జరిగిన అన్యాయం కాదు, అందరూ అంతే అన్న వాదన. మనకి బాగా తెలిసిన వాదన. కాలేజీ సీట్ల దగ్గర్నుంచి ఎన్నికల టికెట్ల దాకా ఎవర్ని అడిగినా ముందు అదే చెప్తారు. కారణం కావాలనిపిస్తే అలాంటిది తీసుకోండి.

మన దగ్గర ఇబ్బంది ఎక్కడొస్తుందో నాకు కొంత తెలుసు. తెలుగు ప్రేక్షకుడికి దుర్మార్గుడంటే పడదని అంటారు గానీ అది తప్పు. 1977లో ‘దాన వీర శూర కర్ణ’లో రామారావుగారు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ వేస్తే జనం గుండెలకి హత్తుకున్నది దుర్యోధనుణ్ణి. ఆ డైలాగులు ఇప్పటికీ పెళ్లిళ్లలో వేదికలెక్కి చెప్తారు. అయితే ఆ దుర్యోధనుడి దగ్గర వాదన ఉంది. రాజ్యం నాది అంటాడు, కులం అడ్డుపెట్టి కర్ణుణ్ణి ఆపడం తప్పంటాడు. పద్యనాటకం కాలం నుంచీ మనకి వాదించే దుర్యోధనుడంటే మోజు. సభలో నిలబడి ఎదుటివాడి నోరు మూయించాలి. మాక్‌బెత్‌కి సభలో చెప్పుకోవడానికి ఏమీ లేదు. సభలో నిలబడ్డప్పుడు, బాంకో దయ్యం తన కుర్చీలోనే కూర్చుని కనబడితే అందరి ముందూ కేకలు పెడతాడు. మన హీరోలకి అలాంటి పాత్ర కొత్త. కొత్తగా ఏదైనా చెయ్యాలని ఇంటర్వ్యూల్లో చెప్పే పెద్ద నటులు మనకి తక్కువేం లేరు, ఎవరో ఒకరు ఒప్పుకుంటారు.

కథ ఎక్కడ పెట్టాలన్నదీ చెప్తాను, అడక్కపోయినా. ఈ నాటకాన్ని నేటి కాలానికి తెచ్చినవాళ్లలో ఎక్కువమంది గ్యాంగుల వైపే పోయారు. 1955లో ‘జో మాక్‌బెత్’, 1990లో ‘మెన్ ఆఫ్ రెస్పెక్ట్’, తర్వాత ‘మక్బూల్’, 2006లో మెల్‌బోర్న్ ముఠాల మధ్య ఒక ఆస్ట్రేలియా ‘మాక్‌బెత్’. దానికో కారణముంది. ఇవాళ ఎండీని చంపితే బోర్డు ఇంకో ఎండీని పెడుతుంది, చంపినవాడికి కుర్చీ రాదు. చంపితే కుర్చీ వచ్చే చోటు గ్యాంగు ఒక్కటే అనిపిస్తుంది. కానీ తెలివైనవాళ్లు ఇంకా చిన్న రాజ్యాలు వెతికారు. 2001లో వచ్చిన ‘స్కాట్లాండ్, పీఏ’లో రాజ్యం అంటే అమెరికాలో 1970ల నాటి ఒక బర్గర్ హోటల్, డంకన్ మరిగే నూనెలో పడి చస్తాడు, గద్దెనెక్కినవాడు కారు దిగకుండానే బర్గర్ కొనుక్కునే కిటికీ పెట్టి బాగుపడతాడు. 2005లో బీబీసీ తీసినదాంట్లో మాక్‌బెత్ ఒక ఖరీదైన రెస్టారెంట్లో చెఫ్. వంట ఇతనిది, టీవీలో పేరు యజమానిది. ఈ రెండింట్లోనూ పనివాడి కడుపుమంట ఉంది, రెండూ నాకు కొంచెం తేలిగ్గా అనిపించడానికి అదే కారణం. కానీ రాజ్యాన్ని అంత చిన్నది చెయ్యడంలో గొప్ప తెలివుంది. పట్టుమని పది టేబుళ్ల కోసం మనిషి మనిషిని చంపుతాడా అని నవ్వుతూనే, చంపుతాడని నమ్ముతాం.

మన దగ్గర అలాంటి రాజ్యాలకి కొదవేముంది? చీమకుర్తి క్వారీలున్నాయి, కుటుంబాల చేతుల్లో నడిచే రెసిడెన్షియల్ కాలేజీలున్నాయి. నన్నడిగితే భీమవరం వైపు రొయ్యల చెరువులకి ఓటేస్తాను. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి పంటంతా తేలిపోతుంది. టార్చి పట్టుకుని గట్టు మీద తిరిగే మనుషులకి నిద్రలేని రాత్రి మామూలు విషయం. మాక్‌బెత్ నిద్రని చంపేశాడని నాటకంలో ఒక గొంతు కేక పెడుతుంది. ఆ గట్ల మీద ఆ కేక వినబడుతుంది.

సెకండాఫ్ గురించి కూడా. మన లెక్కలో హీరో కుర్చీ ఎక్కడం క్లైమాక్స్. ఈ నాటకంలో అది సగం దారిలో, కంటికి కనబడకుండా తెర వెనక జరిగిపోతుంది. పట్టాభిషేకం సీనే లేదు. మిగతా సగం, దక్కినదాన్ని అనుభవించలేకపోవడం. అక్కడ ఎలివేషన్లు పెడితే కథ చస్తుంది. 1995లో వచ్చిన ‘మూడో రిచర్డ్’ చూడండి, అదీ షేక్‌స్పియర్ నాటకమే, 1930ల నాటి ఊహాజనిత ఫాసిస్టు ఇంగ్లండ్‌లో పెట్టారు. ఇయన్ మెక్‌కెల్లెన్ కెమెరా వైపు తిరిగి తన కుట్రలన్నీ మనకే చెప్పి నవ్వుతాడు. మనమూ నవ్వుతాం, పక్షం కట్టేస్తాం. చివరికి జీపు చక్రం కూరుకుపోయి, గుర్రానికి నా రాజ్యమిస్తానని అరుస్తున్నప్పుడు ఇంతసేపూ ఎవడితో నవ్వామో తెలిసొస్తుంది. ఎలివేషన్ అంటే అలా వాడాలి, అప్పుగా ఇచ్చి వడ్డీతో వసూలు చెయ్యాలి.

ఆమె సంగతి మర్చిపోలేదు. లేడీ మాక్‌బెత్‌ని మన సిట్టింగుల్లో రెండు రకాలుగా పాడుచేస్తారని నా భయం. అయితే కత్తిరించి రెండు పాటలకి కుదిస్తారు, లేకపోతే పాపమంతా ఆమె నెత్తిన రుద్ది హీరోని ఆడదాని మాట విని చెడిపోయిన అమాయకుణ్ణి చేస్తారు. రెండోది మళ్లీ ఫ్లాష్‌బ్యాక్ లాంటిదే, కారణాన్ని బయటికి తోసెయ్యడం. ‘జోజి’లో వదిన బిన్సీని చూడండి. వంటగదిలో నిలబడే మనిషి. చంపమని ఎక్కడా అనదు. ఆ ఇంట్లో తనకీ ఊపిరాడటం లేదని ఒకటి రెండు మాటల్లో తెలియజేస్తుంది, చూసీ చూడనట్టుంటుంది. మామగారు పోయాక, మాస్క్ పెట్టుకుని కిందికి రమ్మని జోజికి చెప్తుంది. కోవిడ్ రోజులు కనక ఎవరికీ ఏమీ అనిపించదు. కడుపులో ఉన్నది మొహం మీద కనబడనివ్వకని లేడీ మాక్‌బెత్ భర్తకి చెప్పిన నాలుగు లైన్ల పని ఆ ఒక్క మాట చేసింది. కథని నేటి కాలానికి తేవడమంటే నాకు తెలిసి ఇదే. సెల్‌ఫోన్లు, కార్లు పెట్టడం ఎవరైనా చేస్తారు.

మంత్రగత్తెల గురించి బెంగపడకండి. ‘మక్బూల్’లో జాతకాలు చెప్పే ఇద్దరు పోలీసులు, బీబీసీ తీసినదాంట్లో చెత్త ఎత్తేవాళ్లు, ‘జోజి’లో అసలు ఎవరూ లేరు. లేకపోయినా కథ నిలబడింది. మంత్రగత్తెలు పోయినా పర్లేదు, డంకన్ మంచితనం పోతే మాత్రం నిలబడదు.

మీలో ఎవరైనా ఇది నిజంగా రాయబోతే, ముందు ఒక్క సీను రాసి చూడండి. లోపల భోజనాలు జరుగుతున్నాయి, యజమాని ఇతని పిల్లలకి తన చేత్తో వడ్డిస్తున్నాడు. ఇతను చెయ్యి కడుక్కునే నెపంతో పెరట్లోకి వచ్చాడు. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఇతనికి ఏ పాత సంగతీ గుర్తుకు రాకూడదు. గుర్తుకొచ్చేవన్నీ ఆయన చేసిన మేళ్లే కావాలి. అయినా లోపలికి వెళ్లేముందు ఇతను నిర్ణయం తీసుకున్నాడని మనకి తెలియాలి. ఆ సీను కుదిరితే మిగతా బౌండ్ స్క్రిప్టు చదవడానికి పిలవండి, వస్తాను. టీ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ మాస్టారు